తర్రెం నుండి టోక్యో దాకా

విదేశాంగ నీతి, వాణిజ్యం, ఇంధనం, వైద్యవ్యయం అనే మాటలు వినగానే సామాన్య పాఠకునికి రాజధాని నగరాలు, సమావేశ మందిరాలు, నిపుణుల నివేదికలు స్ఫురిస్తాయి. వాటికీ అడవి మధ్యనున్న ఒక చిన్న గ్రామానికీ సంబంధమేమని అనిపించడం సహజం. కాని ప్రభుత్వ విధానం కాగితం మీద పుట్టినా, దాని ఫలితం గ్రామంలోనే తేలుతుంది. ఒక విధానం వలన ఎవరికి ఎంత లాభం కలిగినది, దాని భారం ఎవరిపై పడినది, చెప్పిన ప్రయోజనం నిజంగా సిద్ధించినదా అని ఆధారాలతో విచారించే శాస్త్రమే విధాన పరిశోధన. ఆ శాస్త్రం ఏ విధంగా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ సీమకు చెందిన తర్రెం గ్రామ పరిసరాలు చక్కని ఉదాహరణగా ఉపకరిస్తాయి.

నేల, నీరు, మనుషులు

తర్రెం బీజాపూర్ జిల్లాలో, బాసగూడ నుండి జగర్‌గుండకు పోయే దారిలో ఉన్నది. ఈ ప్రాంతంలో గోండులు, దోర్లలు నివసిస్తారు. దోర్లల భాష కోయభాషకు చెందినదే అయినా తెలుగు పలుకుబడులు అందులో విరివిగా కలిసిపోయినవి. బాసగూడను ఆనుకొని పారే తాలిపేరు నది దక్షిణంగా సాగి తెలంగాణలోని చెర్ల వద్ద ఆనకట్టను నింపి గోదావరిలో కలుస్తుంది. ఈశాన్యాన బైలదిలా ఇనుప కొండలున్నవి. నీరు తెలుగునాటికి ప్రవహిస్తుంది. ఖనిజం విశాఖపట్నానికి తరలుతుంది. కూలీలు ఖమ్మం, ములుగు ప్రాంతాల మిరప చేలకు వస్తారు. రాష్ట్ర సరిహద్దు పటంలో ఎంత స్పష్టంగా ఉన్నా జీవనంలో అంత స్పష్టంగా లేదు.

పరిపాలన మాత్రం పలుమార్లు చేతులు మారినది. పూర్వపు బస్తర్ జిల్లా నుండి 1998లో దంతెవాడ వేరుపడినది. 2000 నవంబరు 1న మధ్యప్రదేశ్ నుండి ఛత్తీస్‌గఢ్ ఏర్పడినది. 2007లో బీజాపూర్ ప్రత్యేక జిల్లా అయినది. 2005 తరువాత చెలరేగిన హింస వలన ఈ దారి వెంబడి గ్రామాలు అనేకం చెదిరిపోయినవి. రాకపోకలు చాలా కాలం స్తంభించినవి. 2021 ఏప్రిల్ 3న ఈ చుట్టుపక్కల అడవులలో జరిగిన ఎదురుకాల్పులలో 22 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయినారు. మరుసటి నెలలో సమీపంలోని సిల్గేర్ వద్ద, భద్రతా శిబిరం ఏర్పాటును నిరసిస్తూ గుమిగూడిన గ్రామస్థులపై కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించినది. దేశానికి తర్రెం పేరు తెలిసినది ఇటువంటి వార్తల వలననే. ఆ వార్తల వెనుకనున్న ఆర్థిక జీవనం పత్రికల దృష్టికి వచ్చినది తక్కువ.

ఇనుము నేర్పిన పాఠం

విదేశీ సంబంధాలు బస్తర్ అడవిలో ప్రవేశించడం కొత్త విషయం కాదు. రెండవ పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1957 నాటికి, భారతదేశానికి విదేశీ మారకద్రవ్యం తీవ్రంగా కొరవడినది. యంత్రాలు దిగుమతి చేసుకోవాలంటే డాలర్లు కావాలి. డాలర్లు రావాలంటే ఎగుమతులు పెరగాలి. అదే కాలంలో యుద్ధానంతర జపాన్ తన ఉక్కు పరిశ్రమను విస్తరించుకొంటున్నది. దానికి ముడి ఇనుము కావాలి. 1958లో జపాన్ తన మొట్టమొదటి యెన్ రుణాన్ని భారతదేశానికే ఇచ్చినది. అదే సంవత్సరం జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1960లో బైలదిలా నుండి ఏటా 40 లక్షల టన్నుల ఇనుప ఖనిజం జపాన్‌కు సరఫరా చేయడానికి ఒప్పందం కుదిరినది.

ఒప్పందం కుదిరినంత మాత్రాన ఖనిజం కదలదు. దాని కొరకు తూర్పు కనుమలను చీల్చుకొంటూ కొత్తవలస నుండి కిరందుల్ వరకు సుమారు 445 కిలోమీటర్ల రైలుమార్గం నిర్మించవలసి వచ్చినది. అరకు లోయ మీదుగా, సొరంగాలు, వంతెనలు దాటుకొంటూ పోయే ఈ మార్గం సముద్రమట్టానికి దాదాపు వేయి మీటర్ల ఎత్తుకు ఎక్కి దిగుతుంది. 1968లో బైలదిలాలో గని పని ప్రారంభమైనది. భారీ ఓడలకు అనువుగా విశాఖపట్నంలో బాహ్య నౌకాశ్రయం 1976లో సిద్ధమైనది. ఈనాడు విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడా బైలదిలా ఖనిజమే ప్రధాన ఆధారం. ఖనిజపు పొడిని నీటితో కలిపి గొట్టం ద్వారా బస్తర్ నుండి విశాఖకు పంపే 267 కిలోమీటర్ల మార్గం కూడా ఉన్నది. ఆ గొట్టపుమార్గానికి యజమాని అయిన ఉక్కు సంస్థను 2019లో కొన్న భాగస్వాములలో ఒకటి జపాన్‌కు చెందినది. అరవై ఏళ్ల నాటి బంధం రూపు మార్చుకొని నేటికీ నిలిచి ఉన్నది.

వాణిజ్య దృష్టితో చూస్తే ఇది గొప్ప విజయం. దేశానికి మారకద్రవ్యం లభించినది. రైలుమార్గం, రేవు అమరినవి. ఒక మిత్రదేశంతో స్థిరమైన సంబంధం ఏర్పడినది. అయితే విధాన పరిశోధకుడు అడిగే రెండవ ప్రశ్న వేరు. లెక్కలోకి వచ్చినవేవి, రానివేవి? టన్నులు, డాలర్లు, రైలు పెట్టెలు మొదటి దినం నుండే లెక్కకు వచ్చినవి. గనుల నుండి కొట్టుకువచ్చిన ఎర్రటి మన్నుతో శంఖిని నది నీరు రంగు మారడం, ఆ నీటిని నమ్ముకొన్న పల్లెల ఇబ్బంది మాత్రం ఆలస్యంగా గుర్తింపు పొందినవి. లాభం లెక్కించడం సులభం, ఎందుకంటే దానికి చెల్లింపు చీటీ ఉంటుంది. నష్టానికి చీటీ ఉండదు. దానిని వెదికి పట్టుకొనవలసిందే.

ఈ లోపాన్ని సవరించే ప్రయత్నంగా 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనులున్న జిల్లాలలో జిల్లా ఖనిజ ప్రతిష్ఠానాలను ఏర్పాటు చేసినారు. గని యజమానులు చెల్లించే సొమ్ములో కొంత భాగం బాధిత ప్రజల తాగునీరు, ఆరోగ్యం, విద్య కొరకు ఖర్చు కావాలన్నది ఉద్దేశం. అయితే బాధితులంటే ఎవరు? 2024లో సవరించిన మార్గదర్శకాలు గని నుండి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతంగానూ, 25 కిలోమీటర్ల వరకు పరోక్ష ప్రభావిత ప్రాంతంగానూ పేర్కొన్నవి. పటం మీద వృత్తం గీయడం సులువు. నీరు వృత్తాన్ని చూసి పారదు. పల్లాన్ని చూసి పారుతుంది. కనుక కొలబద్ద ఏది అన్నది గణితానికి మాత్రమే సంబంధించిన చిన్న విషయం కాదు. ఒక గ్రామానికి బడి, బోరుబావి వచ్చేదీ రానిదీ దానిపై ఆధారపడి ఉంటుంది.

తునికాకు, జెనీవా ఒడంబడిక

బీజాపూర్ అడవి పల్లెలలో నగదు కళ్లజూసే కాలం వేసవి. ఏప్రిల్, మే నెలలలో తునికాకు కోత సాగుతుంది. ఇంటిల్లిపాది తెల్లవారక ముందే అడవికి పోయి ఆకు తెంచి, ఏభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి కల్లానికి చేరుస్తారు. పూర్వం ఈ వ్యాపారం దళారుల చేతిలో ఉండేది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1964లోనూ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1971లోనూ చట్టాలు చేసి ఈ వర్తకాన్ని తమ నియంత్రణలోకి తెచ్చుకొన్నవి. వేయి కట్టల ప్రామాణిక బస్తాకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఇచ్చే ధర 2019లో 2,500 రూపాయల నుండి 4,000కు, 2024లో 5,500కు పెరిగినది. అంటే కట్టకు అయిదున్నర రూపాయలు.

ఆ ఆకు బీడీగా మారుతుంది. ఇక్కడనే విదేశాంగ నీతి మళ్లీ ప్రవేశిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో రూపొందిన పొగాకు నియంత్రణ ఒడంబడికను భారతదేశం 2004లో ధ్రువీకరించినది. 2005 ఫిబ్రవరి నుండి అది అమలులోకి వచ్చినది. పొగాకు వలన దేశం భరిస్తున్న భారం సామాన్యమైనది కాదు. 35 ఏళ్లు పైబడిన వారిలో పొగాకు సంబంధ వ్యాధులు, మరణాల వలన 2017–18లో కలిగిన ఆర్థిక నష్టం 1,77,341 కోట్ల రూపాయలని ఒక అంచనా. ఆ నష్టం తగ్గాలంటే బీడీ వాడకం తగ్గవలసిందే. కాని బీడీ తగ్గితే తునికాకు గిరాకీ తగ్గుతుంది. గిరాకీ తగ్గితే వేసవిలో ఆ ఇంటికి వచ్చే రొక్కం తగ్గుతుంది.

ఇది ధర్మసంకటమే గాని పరిష్కారం లేనిది కాదు. ఆ ఒడంబడికలోని 17వ అధికరణమే పొగాకుపై ఆధారపడిన కార్మికులకు, రైతులకు, చిల్లర వర్తకులకు లాభసాటి ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపడానికి ప్రభుత్వాలు తోడ్పడాలని నిర్దేశిస్తున్నది. చూడవలసిన విషయమేమంటే, అందులో అడవిలో ఆకు కోసేవారి ప్రస్తావన విడిగా లేదు. పొలం గలవాడు ఇంకొక పైరు వేసుకొనగలడు. పొలం లేనివానికి అడవియే పొలం. చింతపండు, సారపప్పు వంటి ఉత్పత్తులకు కేంద్ర ప్రభుత్వం 2013–14 నుండి కనీస మద్దతు ధర పథకాన్ని ప్రవేశపెట్టినది. ఆ ఆదాయం తునికాకు ఆదాయానికి బదులు కాగలదా, ఎన్ని నెలలు కాగలదా, ఏ గ్రామాలలో కాగలదా అన్నది పరిశోధన తేల్చవలసిన విషయం. అంతర్జాతీయ వేదికపై సంతకం చేసిన మాట నిలవాలంటే దేశంలోని చివరి కల్లం దాకా ఈ లెక్క సరిచూడవలసి ఉన్నది.

మిరప చేలకు వచ్చే కూలీల విషయమూ ఇంతే. జనవరి మొదలు ఏప్రిల్ వరకు దక్షిణ బస్తర్ నుండి వేలాది మంది మిరపకాయలు ఏరడానికి తెలంగాణకు వస్తారు. ఖమ్మం విపణిలో ప్రసిద్ధమైన తేజ రకం మిరప చైనా, థాయ్‌లాండ్, మలేషియా వంటి దేశాలకు ఎగుమతి అవుతుంది. ఆ దేశాల కొనుగోలులో మార్పు వస్తే ధర మారుతుంది. ధర మారితే కోతకు పిలిచే కూలీల సంఖ్య మారుతుంది. 2020 మార్చిలో దేశమంతటా రాకపోకలు నిలిచిపోయినప్పుడు, ఎగుమతి గణాంకాలలో ఎన్నడూ కనిపించని ఈ కూలీలు అడవి దారుల వెంట కాలినడకన ఇండ్లకు తరలినారు.

పొయ్యిలోని రాజకీయం

ఇంధన విధానం అనగానే పెట్రోలు, బొగ్గు, విద్యుత్తు చర్చకు వస్తాయి. పల్లె ఇంట ఇంధనమంటే మొదట వంటచెరకు. 1973 అక్టోబరు యుద్ధం తరువాత ప్రపంచంలో చమురు ధర కొద్ది నెలలలో దాదాపు నాలుగింతలు అయినప్పుడు ఇంధన భద్రత అనే భావన మనదేశంలో బలపడినది. దేశం తనకు కావలసిన ముడిచమురులో ఎనభై అయిదు శాతానికి పైగా దిగుమతి చేసుకొంటున్నది. వంటగ్యాసులో సుమారు అరవై శాతం దిగుమతియే.

2016 మే 1న ప్రారంభమైన ఉజ్జ్వల పథకం పేద కుటుంబాల స్త్రీల పేర గ్యాసు కనెక్షన్లు ఇచ్చినది. కట్టెల పొగ వలన ఊపిరితిత్తులకు కలిగే హాని దృష్ట్యా ఇది ఆరోగ్య విధానం కూడా. కాని కనెక్షన్ ఒకసారి వచ్చేది. సిలిండరు మరల మరల కొనవలసినది. దాని ధర సౌదీ అరేబియాలో నిర్ణయమయ్యే ధరను అనుసరించి మారుతుంది. పశ్చిమాసియాలో ఉద్రిక్తత పెరిగితే ఆ వేడి అడవి పల్లెలోని పొయ్యికి తగులుతుంది. సిలిండరు దొరికే పంపిణీ కేంద్రం దూరమైతే మోత ఖర్చు తోడవుతుంది. అడవిలో కట్టెలు ఉచితమే గదా అనవచ్చు. కట్టెల కొరకు స్త్రీలు వెచ్చించే గంటలకు, పీల్చే పొగకు వెల కట్టితే అవి ఉచితం కావని తేలుతుంది. కనుక ఎన్ని కనెక్షన్లు ఇచ్చినారు అన్న ప్రశ్నతో పరిశోధన ఆగదు. రెండవ, మూడవ, నాలుగవ సిలిండరు ఎందరు కొన్నారు అని అడుగుతుంది.

జ్వరం ఖరీదు

నాలుగు విషయాలలోనూ వైద్యవ్యయమే కుటుంబానికి అన్నింటికన్న దగ్గరిది. దేశంలో ఆరోగ్యంపై జరిగే మొత్తం ఖర్చులో ప్రజలు తమ జేబు నుండి పెట్టుకొనే భాగం 2013–14లో 64.2 శాతం ఉండగా, 2021–22 నాటికి 39.4 శాతానికి తగ్గినదని జాతీయ ఆరోగ్య లెక్కలు తెలుపుతున్నవి. ఇది చెప్పుకోదగిన ప్రగతి. అయితే ఈ సగటు అన్ని కుటుంబాల అనుభవాన్నీ చెప్పదు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. తునికాకు కోత రోజులలో ఒక కుటుంబం దినానికి నూరు కట్టలు కడుతుందనుకొంటే, 2024 నాటి ధర ప్రకారం 550 రూపాయలు వస్తాయి. ఇంటిలో ఒకరికి మలేరియా సోకి, వారిని చూసుకొంటూ ఆ కుటుంబం అయిదు రోజులు అడవికి పోలేకపోతే 2,750 రూపాయలు పోయినట్లే. మందు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చినది కనుక ఆసుపత్రి లెక్కలో ఖర్చు సున్న. ఇంటి లెక్కలో మాత్రం అది వేసవి ఆదాయంలో పెద్ద గండి. ఆకు కోత కొద్ది వారాలే ఉంటుంది కాబట్టి పోయిన రోజులు తిరిగి రావు. ప్రత్యక్ష వ్యయం, పరోక్ష వ్యయం అని ఆర్థికవేత్తలు చేసే విభజనకు అర్థం ఇదే.

ఈ లెక్క తెలిసినప్పుడు విధానం మారుతుంది. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మలేరియా విముక్త బస్తర్ ఉద్యమాన్ని ప్రారంభించినది. జ్వరంతో వచ్చినవారికి మాత్రమే పరీక్ష చేసే పాత పద్ధతిని వదలి, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పోయి అందరి రక్తమూ పరీక్షించినారు. తొలి దశలో 14 లక్షలకు పైగా ప్రజలను పరీక్షించగా సుమారు 64 వేల మందిలో మలేరియా బయటపడినది. వారిలో సగానికి పైగా ఏ లక్షణమూ లేనివారే. జ్వరం లేనివాడు వైద్యుని వద్దకు రాడు. కాని అతనిని కుట్టిన దోమ పక్కవానికి వ్యాధిని అంటిస్తుంది. తరువాతి దశలలో వ్యాధి బయటపడేవారి శాతం 4.6 నుండి ఒక శాతం లోపునకు దిగినది. రోగి వచ్చే వరకు వేచి ఉండడం కన్న రోగాన్ని వెదుకుతూ పోవడమే ఇటువంటి సీమలో మేలని ఈ అనుభవం తెలిపినది.

2019 అక్టోబరు 2న ప్రారంభమైన సంతబజారు వైద్యశాలల పథకమూ ఇట్టిదే. అడవి ప్రజలు వారానికొకసారి ఉప్పు, నూనె, బట్టల కొరకు సంతకు ఎటూ వస్తారు. వైద్యుడే సంతకు వస్తే ప్రయాణ వ్యయం, కూలి నష్టం రెండూ తగ్గుతాయి. ఇంకా వెనుకకు పోతే, 2002లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన మితానిన్ పథకం ఊరి స్త్రీకే ప్రాథమిక ఆరోగ్య శిక్షణ ఇచ్చినది. 2005లో దేశమంతటా ఆశా కార్యకర్తల వ్యవస్థ ఏర్పడినప్పుడు ఆ అనుభవం మార్గదర్శకమైనది. రాష్ట్రం నుండి కేంద్రానికి జ్ఞానం ప్రవహించిన సందర్భమిది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ కూడా పేదలకు పెద్ద చికిత్సలు అందించే బీమా పథకాల చర్చను దేశంలో ముందుకు నడిపినది. 2018లో జాతీయ స్థాయిలో ఆయుష్మాన్ భారత్ వచ్చినది.

సరిహద్దు పల్లెలకు ఇందులో ప్రత్యేకమైన ఆసక్తి ఉన్నది. దక్షిణ బస్తర్ రోగులకు చాలాసార్లు సొంత జిల్లా కేంద్రం కన్న చెర్ల, భద్రాచలం ఆసుపత్రులే అందుబాటు. రోగికి దగ్గరి దారియే దారి. ఒక రాష్ట్రం ఇచ్చిన చీటీ మరొక రాష్ట్రంలో చెల్లుతుందా, పొరుగు రాష్ట్రపు ఆసుపత్రిపై పడిన భారాన్ని ఎవరు భరించాలి అన్న ప్రశ్నలు జాతీయ సమైక్యతకు సంబంధించినవే.

పరిశోధన జరిగే తీరు

మనదేశంలో ఇట్టి విషయాలను అధ్యయనం చేసే సంస్థలు కొరతగా లేవు. విదేశీ వ్యవహారాల కొరకు భారతీయ ప్రపంచ వ్యవహారాల మండలి 1943లో, ఆర్థిక సర్వేల కొరకు జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి 1956లో ఏర్పడినవి. సాంఘిక శాస్త్ర పరిశోధనకు తోడ్పడే భారతీయ మండలి 1969లో స్థాపితమైనది. హైదరాబాదులోని ఆర్థిక, సాంఘిక అధ్యయన కేంద్రం 1980 నుండి పనిచేస్తున్నది. ఇబ్బంది ఎక్కడంటే, వాణిజ్యాన్ని చూసేవారు వాణిజ్యాన్నే, ఆరోగ్యాన్ని చూసేవారు ఆరోగ్యాన్నే చూస్తారు. గ్రామంలో ఇవి విడివిడిగా ఉండవు. ఆకు ధర, సిలిండరు ధర, జ్వరం, కూలి అన్నీ ఒకే ఇంటి పెట్టెలో కలుస్తాయి.

ఒక ప్రశ్నను పరిశోధనగా మార్చడానికి కొన్ని మెట్లున్నవి. మొదట ప్రశ్నను స్పష్టం చేసుకోవాలి. మలేరియా తగ్గినదా అన్నది ఒక ప్రశ్న; మలేరియా తగ్గినందువలన కుటుంబ ఆదాయం పెరిగినదా అన్నది వేరొకటి. తరువాత పోలిక వెదకాలి. పథకం అమలైన గ్రామాన్ని, అన్ని విధాలా అటువంటిదే అయి పథకం చేరని గ్రామంతో పోల్చిచూస్తే గాని ఫలితం పథకానిదో, ఆ ఏటి వర్షాలదో తెలియదు. పిమ్మట ప్రజల భాషలో ప్రశ్నించాలి. గోండి, దోర్లి మాటలాడే స్త్రీని హిందీలో ప్రశ్నించి పొందిన జవాబు, ఆమె చెప్పినది కాక దుబాసీకి అర్థమైనది కావచ్చు. చివరగా, సర్వే చేరలేని గ్రామాలను నివేదిక బాహాటంగా పేర్కొనాలి. దారి లేనందువలన ఏ ఊరు లెక్కలోకి రాలేదో ఆ ఊరే తరచు అన్నింటికన్న అవసరంలో ఉంటుంది. దానిని వదలి వేసిన సగటు, దేశ పరిస్థితిని ఉన్నదానికన్న మెరుగుగా చూపుతుంది.

ఈ నాలుగింటికి తోడు మరొక్కటి అవసరం. గ్రామసభ అభిప్రాయం. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో గ్రామసభకు ముఖ్యస్థానం ఇచ్చినవి. రోడ్డు వేసినా, గని తవ్వినా, వైద్యశాల తెరచినా, ఆ ఊరివారి సమ్మతి, సందేహం రెండూ పరిశోధనకు సాక్ష్యాలే. ఒకే రోడ్డు ఒకరికి ఆసుపత్రికి దారి, ఇంకొకరికి భయానికి దారి కావచ్చు. ఎవరికి ఏది అయినదో అడగనిదే తెలియదు.

బైలదిలా ఇనుముతో జపాన్‌లోనూ, విశాఖలోనూ ఉక్కు తయారైనది. ఆ కొండల నీడనున్న పల్లెలకు ఈ దేశం ఏమి తిరిగి ఇచ్చినదన్న ప్రశ్న న్యాయమైనది. దానికి ఆవేశంతో గాని, ఆత్మస్తుతితో గాని జవాబు చెప్పలేము. ఎంత ఆదాయం, ఎంత ఖర్చు, ఎన్ని జ్వరాలు, ఎన్ని సిలిండర్లు, ఎన్ని మైళ్ల నడక అని ఓపికగా లెక్కించి చెప్పాలి. ఆ లెక్కలో తర్రెం పేరు గల వరుస కూడా ఉండాలి. ఆ వరుస ఖాళీగా ఉన్నంతకాలం దేశపు ఖాతా పూర్తి కానట్లే.